మార్చి 31 నాటి విలువను మే నెలలో పుట్టించకండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల కంపెనీల డైరెక్టర్లకు, ఆడిట్ కమిటీ సభ్యులకు, ఫైనాన్స్ అధిపతులకు బహిరంగ లేఖ

నమస్కారం.

మే రెండో వారం వచ్చేసరికి మన ప్రాంతంలో ఆడిటర్లకు, వాల్యుయర్లకు వచ్చే మెయిళ్లలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "పోయినేడాది ఫెయిర్ వాల్యూ వర్కింగ్‌లో తేదీని మార్చి పంపాం, చూడగలరు." తేదీ మారుతుంది, డిస్కౌంట్ రేటు (రేపు వచ్చే డబ్బును నేటి విలువకు తెచ్చే వడ్డీ రేటు) మారదు. ఒప్పందం ఒక ఏడాది కరిగిపోయినా మిగిలిన గడువు గడిలో పాత అంకె అలాగే కూర్చుని ఉంటుంది. ఈ లేఖ ఆ వాక్యం గురించే. ఫెయిర్ వాల్యూ, అంటే ఆ తేదీన మార్కెట్‌లో పలికే విలువ, రెండు చోట్ల నుంచి వస్తుంది: మీరు సంతకం పెట్టిన ఒప్పందం, ఆ తేదీన ఉన్న మార్కెట్. ఈ రెండూ మీ దగ్గర ఉంటాయి, ఆడిటర్ దగ్గర ఉండవు. అందుకే ఆ అంకె బాధ్యత కూడా మీదే.

ముందు ఇది ఎవరికి వర్తిస్తుందో చెప్పుకుందాం. ఇండ్ ఏఎస్ (భారత అకౌంటింగ్ ప్రమాణాల) నిబంధనలు 2015లో వచ్చాయి. నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేది) 500 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుంచి, మిగిలిన లిస్టెడ్ కంపెనీలకూ 250 కోట్లు, ఆపైన ఉన్న అన్‌లిస్టెడ్ కంపెనీలకూ 2017 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) ఎక్స్ఛేంజీలో ఉన్నవాటికి మినహాయింపు ఉంది. చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది: ఇలాంటి కంపెనీకి మీరు అనుబంధ సంస్థో, అసోసియేటో (ఆ కంపెనీకి గణనీయమైన పలుకుబడి ఉన్న సంస్థ), జాయింట్ వెంచరో అయితే మీ నెట్‌వర్త్ పది కోట్లే ఉన్నా మీరూ ఇందులోకి వస్తారు. ఒకసారి వచ్చాక వెనక్కి వెళ్లే దారి లేదు. శ్రీసిటీలోని విదేశీ కంపెనీల అనుబంధ సంస్థల సంగతి వేరు. మాతృసంస్థ ఏ దేశంలో లిస్టయినా ఇక్కడ దాన్ని లెక్కలోకి తీసుకోరు, మీ సొంత నెట్‌వర్తే చూస్తారు. అయినా ఏటా మాతృసంస్థకు పంపే ఐఎఫ్‌ఆర్‌ఎస్ (అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల) ప్యాకేజీలో ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి కాబట్టి మీరూ చదవండి.

ఇండ్ ఏఎస్ 113 చెప్పేది ఒక ముక్కలో ఇదీ: కొలిచే రోజున, మామూలు లావాదేవీలో, ఆ ఆస్తిని అమ్మితే వచ్చే ధర, అప్పయితే దాన్ని మరొకరికి బదిలీ చేయడానికి మీరు చెల్లించాల్సిన ధర. మీరు కొన్న ధరతో పని లేదు. "మేం ఎలాగూ అమ్మం" అన్న మాటతోనూ పని లేదు. అమ్మకం ఖర్చులు, బ్రోకరేజీ అందులోంచి తీసేయకూడదు. ఏది ఫెయిర్ వాల్యూలో చూపాలి, ఏది అమార్టైజ్డ్ కాస్ట్‌లో (మొదటి రోజు విలువకు అదే రేటుతో ఏటా వడ్డీ కలుపుకుంటూ పోయే లెక్కలో) ఉంచాలి అన్నది ఇండ్ ఏఎస్ 109 తేలుస్తుంది. చిత్తూరు పల్ప్ యూనిట్ల గోదాముల్లో ఉన్న తోతాపురి డ్రమ్ములు ఇందులోకి రావు, అవి సరుకు నిల్వ. రావలసిన జీఎస్టీ రిఫండూ రాదు, అది చట్టం వల్ల వచ్చేదే తప్ప ఒప్పందం వల్ల వచ్చేది కాదు.

ఇక అసలు గొడవల్లోకి వద్దాం. ఈ మధ్య ఎక్కువగా తప్పు జరుగుతున్నది సోలార్ షేర్ల దగ్గర. గ్రూప్ క్యాప్టివ్ కరెంటు (కొందరు వాడకందార్లు కలిసి వాటా పెట్టి సొంతానికి తయారు చేయించుకునే కరెంటు) కోసం ఫ్యాక్టరీలు సోలార్ కంపెనీలో వాటా కొంటున్నాయి. 2005 విద్యుత్ నిబంధనల ప్రకారం వాడకందార్లందరికీ కలిపి కనీసం 26 శాతం వాటా ఉండాలి, తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడుకోవాలి. ఆ షరతు తీర్చడానికే ఈ షేర్లు. మీరు 40 లక్షలు పెట్టారనుకుందాం. పుస్తకాల్లో "ఈక్విటీ షేర్లలో పెట్టుబడి, 40 లక్షలు, లెవెల్ 3, కాస్టే ఫెయిర్ వాల్యూకు దగ్గర" అని రాసి ఉంటుంది. లెవెల్ 1 అంటే మార్కెట్ ధర నేరుగా దొరికేది, 2 అంటే మార్కెట్‌లో కనబడే రేట్లతో కట్టేది, 3 అంటే సొంత అంచనాల మీద నిలిచేది.

షేర్‌హోల్డర్ల ఒప్పందం తెరిచి డివిడెండ్ పేరానూ, నిష్క్రమణ పేరానూ చదవండి. చాలా ఒప్పందాల్లో డివిడెండ్ మీద నామమాత్రపు హక్కు కూడా ఉండదు. కరెంటు ఒప్పందం ముగిశాక షేర్లను ముఖ విలువకే ప్రమోటరుకు తిరిగి ఇవ్వాలి. అంటే మీ చేతిలో ఉన్నది పేరుకు షేరు, పనికి పదిహేనేళ్ల వడ్డీ లేని డిపాజిట్. 9 శాతం రేటుతో లెక్క కడితే పదిహేనేళ్ల తర్వాత వచ్చే 40 లక్షల విలువ నేడు 10.98 లక్షలు. మిగతా 29.02 లక్షలు చౌక కరెంటు కోసం ముందే కట్టిన ధర. దాన్ని ముందస్తు చెల్లింపుగా చూపి, కరెంటు ఒప్పందం నడిచినన్నాళ్లూ విద్యుత్ ఖర్చులోకి పంచాలి. ఏడాది తిరిగాక, పద్నాలుగేళ్లు మిగిలి రేటు 9 దగ్గరే ఉంటే షేర్ల విలువ 11.97 లక్షలు, రేటు 8.5కు దిగితే 12.77 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య తేడా మార్కెట్ నుంచి వచ్చింది. పోయినేడాది రేటునే ఉంచితే అది మీ పుస్తకాల్లో ఎక్కడా కనబడదు.

ఇక్కడ వాదనకు చోటుంది, కాదనం. తిరిగి కొనాల్సిన బాధ్యత ఒప్పందంలో గట్టిగా ఉంటే దీన్ని అప్పు పత్రంగా చూసి అమార్టైజ్డ్ కాస్ట్‌లో పెట్టాలనేవాళ్లు ఉన్నారు. మూడు నెలల నోటీసుతో ముఖ విలువకు ఎప్పుడైనా బయటపడే వీలుంటే గడువు పదిహేనేళ్లని పట్టుకోవడం తప్పు, విలువ 40 లక్షల దగ్గరే నిలవొచ్చు. అయిదేళ్ల లాక్-ఇన్ ఉంటే లెక్క మరో రకం. ఏ దారి పట్టినా ఒప్పందంలోని ఏ క్లాజు ఆధారంగా పట్టారో రాసిపెట్టండి. మీ ఒక్కరి వాటాయే 20 శాతం, ఆపైన ఉంటే అది అసోసియేటా అన్న ప్రశ్నకు కూడా జవాబు రాసుకోండి. క్లాజు చదవకుండా "కాస్టే ఫెయిర్ వాల్యూ" అనడానికి మాత్రం ఆధారం లేదు. అన్‌లిస్టెడ్ షేర్ల విషయంలో కాస్టును వాడుకోవడానికి ఇండ్ ఏఎస్ 109 ఇచ్చిన వెసులుబాటు చాలా ఇరుకైనది: తాజా సమాచారం చాలనప్పుడు, లేదా సాధ్యమైన విలువల విస్తృతి చాలా ఎక్కువగా ఉండి వాటిలో కాస్టే సరైన అంచనాగా నిలిచినప్పుడు మాత్రమే. ఒప్పందం బీరువాలో ఉన్నవాళ్లకు సమాచారం చాలలేదని చెప్పే వీలు లేదు. అలాగని రుణం కోసం కొన్న ఇరవై వేల రూపాయల సహకార బ్యాంకు షేరుకు డీసీఎఫ్ (రాబోయే నగదును నేటి విలువకు తెచ్చే లెక్క) కట్టమని ఎవరూ అడగడం లేదు. మెటీరియాలిటీ, అంటే అంకె లెక్కలోకి తీసుకునేంత పెద్దదా అన్న పరీక్ష, అనేది ఒకటుంది.

అద్దె డిపాజిట్లు దీనికంటే తేలిక, అయినా అక్కడా పప్పులో కాలేస్తున్నారు. అయిదేళ్ల లీజుకు వడ్డీ లేకుండా 50 లక్షలు ఇచ్చారు, రేటు 9 శాతం. మొదటి రోజు డిపాజిట్ విలువ 32,49,657 రూపాయలు. తేడా 17,50,343 లీజు ఆస్తికి కలుస్తుంది, నేరుగా ఖర్చు రాయకూడదు. మొదటి ఏడాది వడ్డీ ఆదాయం 2,92,469. ఇక్కడి దాకా అందరూ సరిగానే వేస్తారు. తప్పు రెండో ఏడాది మొదలవుతుంది: మార్కెట్ రేటు మారిందని డిపాజిట్‌ను మళ్లీ కొత్త రేటుతో కడతారు. ఇది అమార్టైజ్డ్ కాస్ట్‌లో ఉండే ఆస్తి. మొదటి రోజు రేటే చివరిదాకా. సోలార్ షేర్ల దగ్గర మార్చాల్సిన రేటును మార్చకుండా, ఇక్కడ మార్చకూడనిదాన్ని మార్చడం వింతగా ఉంటుంది కానీ ఒకే ఫైల్లో రెండూ కనిపిస్తున్నాయి. ఎస్పీడీసీఎల్ (మన ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ) దగ్గరున్న కరెంటు డిపాజిట్‌ను కూడా ఇదే మూసలో పోసి తగ్గిస్తున్నారు. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం దానికి కనీసం బ్యాంకు రేటు వడ్డీ రావాలి. వడ్డీ వచ్చేదాన్ని వడ్డీ లేనిదిగా లెక్కగట్టకండి.

ఎగుమతిదారులకు ఫార్వర్డ్ కాంట్రాక్టుల (ముందు తేదీకి డాలర్ల ధరను ఇవాళే ఖాయం చేసుకునే ఒప్పందాల) దగ్గర జరిగే పొరపాటు మరొకటి. సెప్టెంబరు 30న ఇచ్చేలా 5 లక్షల డాలర్లను 86 రూపాయలకు అమ్ముకున్నారు. మార్చి 31న విలువ కట్టేటప్పుడు ఆ రోజు స్పాట్ రేటుతో (అప్పటికప్పుడు మార్చుకునే రేటుతో) పోల్చి తేడా రాసేస్తున్నారు. పోల్చాల్సింది మార్చి 31న సెప్టెంబరు 30 గడువుకు దొరికే ఫార్వర్డ్ రేటుతో. అది 87.20 అనుకుందాం. డాలరుకు 1.20 చొప్పున 6 లక్షల నష్టం. ఆ నష్టం చేతికి తగిలేది 183 రోజుల తర్వాత కాబట్టి 7 శాతంతో ఇవాళ్టికి తెస్తే సుమారు 5.80 లక్షలు. అదే రోజు స్పాట్ 85.90 ఉంటే, స్పాట్‌తో పోల్చినవాళ్లకు నష్టం స్థానంలో లాభం కనబడుతుంది! రిఫరెన్స్ రేటు, ఫార్వర్డ్ ప్రీమియం రెండూ ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) ప్రకటిస్తుంది, కాబట్టి ఇది లెవెల్ 2. బ్యాంకు పంపే ఎంటీఎం (ఆ రోజు మార్కెట్ రేటుతో కట్టిన విలువ) స్టేట్‌మెంట్ తీసుకోండి, తప్పులేదు. కానీ ఆ అంకెను మీరు ఒకసారి తిరిగి కట్టి, తేడా ఎందుకొచ్చిందో పక్కన రాయండి. హెడ్జ్ అకౌంటింగ్ (కాంట్రాక్టు లాభనష్టాలను అది కాపాడే ఎగుమతితో జతచేసి చూపే పద్ధతి) కావాలంటే ఆ జత మొదలైన రోజునే పత్రం ఉండాలి. మేలో తయారుచేసి పాత తేదీ వేస్తే చెల్లదు.

లిస్టెడ్ షేర్లు, మ్యూచువల్ ఫండ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ రెంటిలో ఎక్కువ లావాదేవీలు జరిగే చోటి ధర తీసుకోవాలి, ఎక్కువ ధర ఉన్న చోటిది కాదు. మీ దగ్గర లక్ష షేర్లుండి, అన్నీ ఒకేసారి అమ్మితే ధర పడిపోతుందని తగ్గించుకోవడానికి లెవెల్ 1లో ఒప్పుకోరు. సంవత్సరాంతం సెలవైతే ఏం చేయాలో పాలసీలో రాసి ఉంచండి: 2024 మార్చి 31 ఆదివారం, 2025 మార్చి 31న రంజాన్ సెలవు. రెండేళ్లూ ఎక్స్ఛేంజీల్లో చివరి ట్రేడింగ్ మార్చి 28నే. ఫండ్ల విషయంలో రోజూ ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) వస్తోందంటే అది లెవెల్ 1 అయిపోదు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసివేసినప్పుడు ఎన్‌ఏవీ ప్రకటన ఆగలేదు, యూనిట్లు ఇచ్చి డబ్బు తీసుకునే దారి మాత్రం మూసుకుపోయింది. ఆ తర్వాత దాన్ని లెవెల్ 1గా చూపడం కుదరదు. ఆ ఎన్‌ఏవీకి అమ్ముకునే వీలుందా అన్నదే పరీక్ష.

అన్‌లిస్టెడ్ షేర్ల వాల్యుయేషన్ రిపోర్టుల గురించి కాస్త కటువుగానే చెప్పాలి. ఆదాయపు పన్ను కోసం పుస్తక విలువతో చేయించిన రిపోర్టును, ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) కోసం చేయించినదాన్ని అట్ట మార్చి ఇండ్ ఏఎస్ ఫైల్లో పెడుతున్నారు. ఆ రిపోర్టులు ఏ చట్టం అడిగిన ప్రశ్నకు ఆ చట్టానికి జవాబు చెబుతాయి. ఇంకొకటి, రిజిస్టర్డ్ వాల్యుయర్లకు మూడు తరగతులున్నాయి: భూమి-భవనాలు, ప్లాంటు-యంత్రాలు, సెక్యూరిటీలు లేదా ఆర్థిక ఆస్తులు. మీ స్థలానికి విలువ కట్టిన వాల్యుయర్ మంచివాడే కావచ్చు, మూడో తరగతిలో రిజిస్ట్రేషన్ లేకపోతే మీ షేర్లకు ఆయన పనికిరారు. రిపోర్టు చేతికొచ్చాక ముందు చూడాల్సింది చివరి పేజీలోని అంకెను కాదు. ఆ కంపెనీలో ఆరు నెలల కింద ఎవరైనా కొత్తగా పెట్టుబడి పెట్టారా, పెట్టి ఉంటే అదే మోడల్‌ను ఆ రోజుకు నడిపితే ఆ ధర వస్తోందా? రాకపోతే మోడల్‌లో ఎక్కడో బెసికింది. లిక్విడిటీ లేనందుకు ఇంత శాతం తగ్గించామని రాస్తే, ఆ శాతం ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. "సాధారణంగా ఇంతే వేస్తాం" అన్న జవాబును ఒప్పుకోకండి. అమ్మకాల అంచనాలు వాల్యుయర్‌కు మీరే ఇచ్చినవి. బోర్డు ఆమోదించిన బడ్జెట్‌లో ఒక అంకె, వాల్యుయర్‌కు ఇచ్చిన షీటులో ఇంకో అంకె ఉంటే ఆ రిపోర్టు మొత్తానికీ విలువ పోతుంది.

అనుబంధ సంస్థల్లో పెట్టుబడిని మీ విడి బ్యాలెన్స్ షీట్‌లో కాస్టుకే ఉంచుకునే వీలు ఇండ్ ఏఎస్ 27 ఇస్తోంది. ఆ దారి పట్టినవాళ్లు వాటికి ఏటా వాల్యుయర్ ఫీజు కట్టక్కర్లేదు, ఇంపెయిర్‌మెంట్ (పెట్టుబడి విలువ పడిపోయిన) సూచనలు ఉంటే తప్ప.

అప్పుల వైపుకు వస్తే, కుటుంబ కంపెనీల్లో ప్రిఫరెన్స్ షేర్లు పెద్ద సమస్య. ప్రమోటర్లు 10 కోట్లు పెట్టి, పదేళ్లకు తిరిగిచ్చే, డివిడెండ్ లేని ప్రిఫరెన్స్ షేర్లు తీసుకుంటారు. అది షేర్ క్యాపిటల్‌లో కూర్చుంటుంది. ఇండ్ ఏఎస్ 32 దాన్ని అప్పు అంటుంది. 10 శాతంతో కడితే అప్పు భాగం 3.86 కోట్లు, మిగిలిన 6.14 కోట్లు ప్రమోటర్ల ఈక్విటీ తోడ్పాటు. మొదటి ఏడాది 38.55 లక్షల వడ్డీ ఖర్చు పుడుతుంది, నగదు ఒక్క రూపాయీ కదలకుండా. ఇక్కడ వాడే రేటు దగ్గరే అందరూ తడబడతారు. స్టాకు తాకట్టు మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ రేటును తెచ్చి వేస్తారు. హామీ లేకుండా, బ్యాంకుల తర్వాతి వరుసలో నిలబడి, పదేళ్లకు మీకు అప్పిచ్చేవాడు ఎంత అడుగుతాడో అది వేయాలి. రేటు రెండు పాయింట్లు పెరిగి 12 అయితే అప్పు భాగం 3.22 కోట్లకు పడుతుంది. ఆ రెండు పాయింట్లను మీరు సమర్థించుకోలేకపోతే నోట్ మొత్తం తేలిపోతుంది. ఒక జాగ్రత్త: ప్రమోటర్ల రుణం "అడిగినప్పుడు తిరిగివ్వాలి" అన్న షరతుతో ఉంటే డిస్కౌంటు చేసే ప్రసక్తే లేదు, అడిగితే ఇవ్వాల్సినంత మొత్తం చూపాల్సిందే.

కార్పొరేట్ గ్యారంటీలను అసలు ఎవరూ ముట్టుకోవడం లేదు. అనుబంధ సంస్థ 20 కోట్ల రుణానికి మీరు ఉచితంగా గ్యారంటీ ఇచ్చారు, దానితో 9.5 శాతానికి వచ్చింది, లేకపోతే 11 అయ్యేది. ఏడాదికి 30 లక్షల లాభం అనుబంధ సంస్థకు. అయిదేళ్ల చివర్లో ఒకేసారి తీర్చే రుణమైతే, 11 శాతంతో ఇవాళ్టి విలువ సుమారు 1.11 కోట్లు. వాయిదాల్లో తీరేదయితే ఇది బాగా తగ్గుతుంది, వాయిదాల పట్టీ చూసి కట్టండి. మాతృసంస్థ పుస్తకాల్లో ఇది గ్యారంటీ బాధ్యత, అవతల అనుబంధ సంస్థలో పెట్టుబడి. జీఎస్టీ రూల్ ఏడాదికి 1 శాతం అంటుంది కదా, అదే వేద్దామంటున్నారు. అది పన్ను వేయడానికి పెట్టుకున్న లెక్క, ఫెయిర్ వాల్యూ కాదు.

ఇవన్నీ చదివి లాభాలు పెరిగాయని సంతోషించే బోర్డులకు ఒక మాట. 2017 సవరణ తర్వాత కంపెనీల చట్టం 123వ సెక్షన్ ప్రకారం డివిడెండ్ లెక్కలో నోషనల్ (చేతికి రాకుండా కాగితం మీదే ఉన్న) లాభాలను, ఫెయిర్ వాల్యూ మార్పులను పక్కన పెట్టాలి. బ్యాంకుకు రుణం కోసం ఇచ్చే సీఎంఏ డేటాలో (ఆర్థిక అంచనాల పట్టీలో) కూడా డిపాజిట్ల నోషనల్ వడ్డీని విడిగా చూపండి. డీఎస్‌సీఆర్‌లో (అప్పు తీర్చే స్తోమతను చూపే నిష్పత్తిలో) కలిపేసి తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

మేం కోరేది ఇంతే. లిస్టెడ్ కంపెనీల బోర్డులు డిసెంబరు త్రైమాసిక ఫలితాల కోసం ఫిబ్రవరి 14లోపు ఎలాగూ కూర్చుంటాయి. మిగతావాళ్లు కూడా ఆ నెలలోనే ఒక సమావేశం పెట్టుకోండి. ఆ రోజుకు ఒక రిజిస్టరు బల్ల మీద ఉండాలి: ప్రతి డిపాజిట్, ప్రతి అన్‌లిస్టెడ్ షేరు, ప్రతి గ్యారంటీ, ప్రతి ప్రిఫరెన్స్ షేరు, ప్రతి ఫార్వర్డ్, ఏ ఒప్పందం, ఏ క్లాజు, ఏ లెవెల్, ఏ రేటు, ఆ రేటు ఎక్కడిది. వాల్యుయర్ నియామకం మార్చి మొదటి వారంలోపు ముగియాలి. ఆడిటర్‌నే విలువ కట్టమని అడగకండి. తాను కట్టిన విలువను తానే ఆడిట్ చేయడం ఏ లెక్కన చూసినా కుదరదు. ఏప్రిల్ 1 నుంచి 5లోపు మార్కెట్ రేట్ల ప్రింటులు, స్క్రీన్‌షాట్లు తీసి ఫైల్లో పెట్టండి. లెవెల్ 3 అంకెలకు రేటు ఒక శాతం అటూఇటూ కదిలితే ఎంత మారుతుందో పట్టీ వేయండి. అది నోట్‌లో ఎలాగూ ఇవ్వాల్సిందే. మే 30 లోపు ఫలితాలు ప్రకటించాల్సిన కంపెనీకి ఈ పనికి మే నెలలో మిగిలే సమయం చాలదు.

రాబోయే ఫిబ్రవరి సమావేశం ఎజెండాలో "ఫెయిర్ వాల్యూ రిజిస్టరు, రేట్ల ఆమోదం" అన్న అంశాన్ని చేర్చమని, రిజిస్టరు ప్రతిని సమావేశానికి ముందే ఆడిటర్లకు పంపమని మనవి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరుల్లో ఆడిట్, వాల్యుయేషన్ పనుల్లో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్లం కొందరం